చెరువు నుంచి బావికి.. బావి నుంచి కొలనుకు
నల్లమల కాలిబాటలో నీటి పేర్లే దారి గుర్తులు

ఆత్మకూరు: మహాశివరాత్రి, ఉగాది సమీపిస్తున్నాయంటే నల్లమల కాలిబాట మేల్కొంటుంది. ఏడాదిలో అధిక భాగం వన్యప్రాణుల సంచారానికే పరిమితమైన ఈ బాట ఆ కొద్ది రోజులూ శివనామస్మరణతో మారుమోగుతుంది. నంద్యాల జిల్లా ఆత్మకూరు సమీపంలోని వెంకటాపురం వద్ద అడవిలో అడుగుపెట్టిన భక్తుడు శ్రీశైలం చేరేందుకు 40 కిలోమీటర్లకు పైగా నడవాలి. దోర్నాల మీదుగా బస్సులో వెళితే దూరం వంద కిలోమీటర్లు దాటినా, కొన్ని గంటల్లో స్వామి సన్నిధికి చేరవచ్చు. అయినా వేలాది మంది కాలినడకనే కోరుకుంటారు. వారిలో తొలిసారి వచ్చే వారికి ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒక్కటే. దారి ఎలా తెలుస్తుంది?

రెండు పండుగలకు యాత్రికులు వేర్వేరు. శివరాత్రికి తెలుగు జిల్లాల వారు, శివదీక్షాపరులు అధికం. ఉగాదికి కన్నడ భక్తులదే సందడి. బళ్లారి, రాయచూరు, బాగల్‌కోట్, విజయపుర వంటి జిల్లాల నుంచి రోజుల తరబడి నడిచి వస్తారు. భ్రమరాంబికను తమ ఇంటి ఆడపడుచుగా, మల్లికార్జునుని అల్లుడిగా భావించి చీర, సారె తెచ్చే ఆచారం వారిది. కర్నూలు, నందికొట్కూరు దాటి ఆత్మకూరు వరకు వారికి దారితో చిక్కు లేదు. అక్కడ భయమంతా రాత్రివేళ లారీలతోనే. తారు రోడ్డు విడిచాకే అసలు పరీక్ష మొదలవుతుంది.

మజిలీ పేరే మార్గం

నాగలూటి, పెద్దచెరువు, మఠంబావి, భీముని కొలను, కైలాసద్వారం.. ఈ అయిదు పేర్లు వరుస తప్పకుండా నోటికి వచ్చిన వాడికి సగం దారి తెలిసినట్లే. చెరువు, బావి, కొలను.. నడిమి మజిలీల పేర్లన్నీ నీటి పేర్లే కావడం గమనార్హం. పూర్వీకులు ఈ బాటను దగ్గరిదారి చూసి వేయలేదు. ఒక నీటి చోటు నుంచి మరో నీటి చోటుకు కలుపుకుంటూ వెళ్లారు. కనుక బాట వంకర తిరిగిన చోట అడ్డంగా వెళ్లి దూరం తగ్గించుకుందామనుకునే వారు దారితోపాటు నీటినీ పోగొట్టుకుంటారు.

ఈ వరుస నేటిది కాదు. 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామి, మార్గమధ్యంలో ఈ అడవి గుండానే శ్రీశైలం వెళ్లారు. ఆయన కాశీయాత్ర చరిత్రలో నాగలూటి, పెద్దచెరువు, భీముని కొల్లం పేర్లు కనిపిస్తాయి. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలోని పర్వత ప్రకరణంలో శ్రీశైల యాత్రికుల నడకను విస్తారంగా వర్ణించాడు. 14వ శతాబ్దంలో రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి మెట్లు కట్టించినట్లు చరిత్ర చెబుతోంది. ఎక్కుడు దిగుడు చోట్ల అరిగిన రాతి మెట్లు కాలికి తగిలితే అంతకు మించిన దారి గుర్తు మరొకటి అక్కర్లేదు. బాణం గుర్తు వానకు చెరిగిపోవచ్చు. రాతి మెట్టు చెరగదు.

దారి తప్పేది ఎక్కడ?

చిక్కంతా మెట్లు లేని సమతల ప్రదేశాల్లోనే. మాఘ, ఫాల్గుణ మాసాల్లో నల్లమల ఆకు రాలుస్తుంది. ఎండుటాకులు పరచుకున్న నేలపై మనిషి బాట, జంతువుల బాట ఒకే తీరుగా కనిపిస్తాయి. పశువులు, జింకలు తొక్కిన జాడలు కొంతదూరం వెంట నడిచి పొదల్లో మాయమవుతాయి. కొమ్మలు ముఖానికి తగిలేంత కిందికి ఉంటే అది మనుషులు నడిచే బాట కాదని అనుభవజ్ఞుల మాట. అటవీ సిబ్బంది వాహనాలు తిరిగే వెడల్పు దారులు మరో రకం మోసం. వెడల్పుగా ఉంది గదా అని అటు మళ్లితే అది యాత్రికుడిని ఎక్కడికి తీసుకెళ్తుందో చెప్పలేం.

ఒకప్పుడు దారి పొడవునా పడి ఉండే ప్లాస్టిక్ సంచులు, సీసాలే కొత్తవారికి గుర్తులయ్యేవి. సిగ్గుపడాల్సిన గుర్తులే అవి. పెద్దపులుల అభయారణ్యంలో ప్లాస్టిక్‌పై నిషేధం ఉంది. ఆ చెత్త తొలగాల్సిందే. అయితే ఆ మేరకు రాళ్లపై, చెట్లపై బాణం గుర్తులు పెరగాలి. అవి తెలుగుతోపాటు కన్నడంలోనూ ఉండాలి.

వెన్నెల లేని పండుగలు

ఎండకు భయపడి రాత్రి నడుద్దామనుకునే వారు పంచాంగం చూడాలి. శివరాత్రి మాఘ బహుళ చతుర్దశి. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి. ఒకటి అమావాస్యకు ముందు, మరొకటి అమావాస్య మరునాడు. రెండు యాత్రలకూ వెన్నెల ఉండదు. శివరాత్రి నాడు తెల్లవారుజామున కనిపించే సన్నని రేఖ దారి చూపేంతటిది కాదు. బ్యాటరీ లైటు వెలుగులో నాలుగడుగులు కనిపిస్తాయి తప్ప, బాట చీలిన సంగతి కనిపించదు. పైగా ఎలుగుబంట్లు, చిరుతలు, పెద్దపులులు తిరిగే వేళ అది. చీకటి పడేసరికి మజిలీ చేరి ఆగడమే క్షేమం.

పగలు సూర్యుడు కొంత సాయపడతాడు. ఆత్మకూరు నుంచి శ్రీశైలం ఈశాన్య దిక్కున ఉంది. ఉదయం ఎండ ముందు నుంచి కుడివైపుగా, సాయంత్రం ఎండ వెనుక నుంచి పడుతుంటే నడక సరైన దిశలో సాగుతున్నట్లే. చాలాసేపు ఇందుకు విరుద్ధంగా ఉంటే ఆగి ఆలోచించుకోవాలి. అడవిలో సెల్‌ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకుని బయలుదేరడం మాత్రం తగదు.

ముందు వెనుక మనుషుల అలికిడి వినిపించకపోతే ముందుకు వెళ్లకుండా, చివరిసారి జనం కనిపించిన చోటికి వెనుదిరగాలి. చాలామంది ఇందుకు విరుద్ధంగా చేస్తారు. వెనక్కి నడవడం నామోషీ అనుకుని మరో కిలోమీటరు ముందుకు వెళతారు. సీసాలో నీరు అయిపోయేదీ ఆ కిలోమీటరులోనే. ఉగాది నాటికి ఎండలు ముదురుతాయి. ఆకు రాలిన అడవిలో నీడ దొరకదు. దారి తప్పిన వారిని మృగాల కంటే ముందు దాహం, వడదెబ్బ పట్టుకుంటాయి.

ఈ అడవి ఆనుపానులు పూర్తిగా తెలిసిన వారు చెంచులే. నాగలూటి, పెద్దచెరువు వద్ద వారి గూడేలున్నాయి. మల్లన్నను వారూ తమ అల్లుడిగానే కొలుస్తారు. అనుమానం వచ్చినప్పుడు వారినడగడం మేలు. అడిగేటప్పుడు ‘శ్రీశైలం ఎటు?’ అనకుండా, తరువాతి మజిలీ పేరు చెప్పి అడగాలి. శ్రీశైలం ఎటని అడిగితే దొరికేది దిక్కు. మఠంబావి ఎటని అడిగితే దొరికేది బాట.

కొలను వద్ద ఆగాలి

భీముని కొలను ఈ యాత్రలో కఠినమైన చోటు. నిట్టనిలువు లోయలోకి దిగి, తిరిగి అంత ఎత్తూ ఎక్కాలి. ద్రౌపది దాహం తీర్చేందుకు భీముడు గదతో కొట్టగా నీరు ఉబికిందని స్థలపురాణం. అలసిన కాళ్లతో మిట్టమధ్యాహ్నం ఇక్కడికి చేరిన వారు ఎదుట కొండ చూసి డీలాపడతారు. ఎండ తగ్గేవరకు లోయలోనే విశ్రమించి, సీసాలు నింపుకుని ఎక్కడం ఉత్తమం. పండుగ రోజుల్లో దేవస్థానం, అటవీశాఖ, స్వచ్ఛంద బృందాలు దారిలో తాగునీరు, అన్నదానం ఏర్పాటు చేస్తున్నాయి. అడవిలోకి అనుమతించే తేదీలు ఏటా మారతాయి కనుక బయలుదేరే ముందే విచారించుకోవాలి.

మెట్లెక్కి కైలాసద్వారం చేరితే అడవి బాట ముగుస్తుంది. అక్కడికి వాహనాలు వస్తాయి. హటకేశ్వరం, సాక్షి గణపతి మీదుగా క్షేత్రానికి చేరేదంతా రోడ్డు మార్గమే. వచ్చిన భక్తుల లెక్క స్వామికి చెప్పేది సాక్షి గణపతేనని నమ్మకం. ఒక్కో జట్టు తమవారంతా వచ్చారా లేదా అని లెక్క చూసుకునేదీ ఇక్కడే. నిజానికి ఆ లెక్క ప్రతి మజిలీలోనూ చూసుకోవాలి. నాగలూటి వద్ద తప్పిపోయిన వృద్ధుడి సంగతి సాక్షి గణపతి వద్ద తెలిస్తే, వెతికేందుకు అడవంతా వెనక్కి నడవాలి. వృద్ధులు, పిల్లల జేబులో ఊరి పేరు, ఫోన్ నంబరు రాసిన చీటీ ఒకటి ఉంచాలి. కన్నడ భక్తులు ఆ చీటీని తెలుగులోనూ రాయించుకుంటే మంచిది.