150 సెకన్ల ఆట... గెలిచేది లెక్కతోనే

సుమారు రెండున్నర నిమిషాల మ్యాచ్ కోసం హైస్కూలు పిల్లలు వారాల తరబడి చెమటోడ్చే పోటీ ఒకటుంది. పేరు ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్. ఆవిష్కర్త డీన్ కామెన్ స్థాపించిన ‘ఫస్ట్’ సంస్థ 1992లో అమెరికాలోని న్యూహాంప్‌షైర్‌లో 28 జట్లతో దీన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు జట్లు 3 వేలు దాటాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ వీటిలో పాల్గొంటున్నారు. ఆట ఏటా మారుతుంది. జనవరి మొదట్లో నియమాలు ప్రకటించేదాకా అది ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. అక్కడి నుంచి తొలి పోటీలకు ఏడెనిమిది వారాలే గడువు.

2025 ఆట ‘రీఫ్‌స్కేప్’నే తీసుకుని, ఆ వారాల్లో పిల్లలు వేసే లెక్కలేమిటో చూద్దాం.

ఏం చేయాలి, ఏం వదిలేయాలి?

మూడు రోబోలు ఒక వైపు, మూడు మరో వైపు. మొదటి 15 సెకన్లు రోబో తన ప్రోగ్రామ్ ప్రకారం తనే నడవాలి. మిగతా 135 సెకన్లు డ్రైవర్లు నడుపుతారు. ఈ సమయంలో ‘కోరల్’ అనే ప్లాస్టిక్ గొట్టాన్ని నాలుగంతస్తుల స్టాండు అడుగు అంతస్తులో పెడితే 2 పాయింట్లు, ఆరడుగుల ఎత్తున నాలుగో అంతస్తులో పెడితే 5. చివర్లో వేలాడే పంజరాల్లో కిందికి ఉన్నదాన్ని పట్టుకుని నేల విడిచి వేలాడితే 12.

ఒక జట్టు చివరి 15 సెకన్లు వేలాడటానికి కేటాయించిందనుకుందాం. మిగిలేవి 120 సెకన్లు. గొట్టం తెచ్చి పైన పెట్టడానికి 12 సెకన్లు పడితే 10 సార్లు, అంటే 50 పాయింట్లు. కింద పెట్టే రోబో 8 సెకన్లలోనే పని ముగించినా 15 సార్లకు 30 పాయింట్లే. కానీ పైకి లేచే యంత్రాంగం కష్టం. సగం సార్లు గురి తప్పితే ఆ 50 కాస్తా 25కు పడిపోతుంది. నమ్మకంగా 30 తెచ్చే రోబో ముందు అది ఓడిపోతుంది.

బరువు, వేగం

బంపర్లు, బ్యాటరీ కాకుండా రోబో 115 పౌండ్లు, అంటే సుమారు 52 కిలోలు మించకూడదు. పైకి లేచే భాగం ఎంత బరువైతే, మలుపులో పడిపోయే ప్రమాదం అంత ఎక్కువ. అందుకే బరువంతా కిందే ఉంచడానికి చూస్తారు.

వేగం గేర్ల మీద ఆధారపడుతుంది. నిమిషానికి 5,676 సార్లు తిరిగే మోటారుకు వేగాన్ని 6.75 రెట్లు తగ్గించే గేరు పెడితే చక్రం 841 సార్లు తిరుగుతుంది. నాలుగంగుళాల చక్రంతో అది సెకనుకు సుమారు 4.5 మీటర్లు. రాపిడి వల్ల నిజమైన వేగం ఇంకొంత తగ్గుతుంది.

బ్యాటరీ ఎక్కడ మోసం చేస్తుంది?

అందరిదీ ఒకే రకం: 12 వోల్టులు, సుమారు 18 ఆంపియర్-అవర్లు. మ్యాచ్‌కి ఆ శక్తి చాలు. చిక్కు ఒక్కసారిగా లాగే కరెంటుతోనే. బ్యాటరీ, వైర్ల నిరోధం కలిపి 0.02 ఓమ్ అనుకుంటే, 300 ఆంపియర్లు లాగినప్పుడు 6 వోల్టులు పడిపోతాయి. మిగిలేది 6. వోల్టేజీ ఏడుకు దిగువన ఒక హద్దు దాటగానే రోబో మెదడైన కంట్రోలర్ తనను కాపాడుకోవడానికి మోటార్లను ఆపేస్తుంది. అందుకే జట్లు ప్రోగ్రామ్‌లోనే హద్దు పెడతాయి. నాలుగు మోటార్లు తలా 40 ఆంపియర్లకు మించకపోతే మొత్తం 160, పడిపోయేది 3.2 వోల్టులే.

ప్రోగ్రామ్‌కు దొరికే సమయం

జావా, సీ ప్లస్ ప్లస్, పైథాన్, ల్యాబ్‌వ్యూ... దేనిలో రాసినా, మామూలుగా ప్రోగ్రామ్ 20 మిల్లీసెకన్లకోసారి సెన్సర్లు చదివి మోటార్లకు ఆజ్ఞలిస్తుంది. అంటే సెకనుకు 50 సార్లు, తొలి 15 సెకన్లలో 750 సార్లు. సెకనుకు 4.5 మీటర్ల వేగంలో ఒక ఆజ్ఞకూ మరో ఆజ్ఞకూ మధ్య రోబో 9 సెంటీమీటర్లు జరుగుతుంది. మైదానంలో అతికించిన 22 ఏప్రిల్‌ట్యాగ్ గుర్తులను కెమెరాతో చూసి తానెక్కడుందో తెలుసుకుంటుంది. ఆ చిత్రాన్ని విశ్లేషించడానికి 40 మిల్లీసెకన్లు పడితే, జవాబు వచ్చేసరికి రోబో 18 సెంటీమీటర్లు ముందుకెళ్లి ఉంటుంది. ఆ తేడాను కూడా ప్రోగ్రామే సరిదిద్దాలి.

మన బడుల మాట

ఇలాంటి తయారీ పనుల కోసం అటల్ టింకరింగ్ ల్యాబ్‌ల పథకం కింద మన దేశంలో 10 వేలకు పైగా బడుల్లో ల్యాబ్‌లున్నాయి. ఒక్కో బడికి రూ.20 లక్షల వరకు సాయం అందుతుంది. ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేల ల్యాబ్‌లు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. మీ బడిలో ల్యాబ్ ఉంటే పిల్లలకు కిట్‌తో పాటు బరువుకో హద్దు, సమయానికో హద్దు, పాయింట్ల పట్టికా ఇవ్వండి. బోల్టు బిగించే ముందు కాగితం మీద లెక్క వేయమనండి. పై లెక్కల్లో చాలావాటికి పదో తరగతి గణితం, భౌతికశాస్త్రం చాలు.