రొద తగ్గాలన్నా, సర్క్యూట్ నిలకడగా ఉండాలన్నా

మైకు నుంచి వచ్చే విద్యుత్ సంకేతం సాధారణంగా కొద్ది మిల్లీవోల్టులకు మించదు కాబట్టి, స్పీకరును నడిపే యాంప్లిఫయర్‌కు అందించే ముందే దాన్ని తొలి అంచెలో వంద రెట్ల వరకు పెంచవలసి ఉంటుంది. ఈ పనికి విస్తృతంగా వాడుతున్నది ఆపరేషనల్ యాంప్లిఫయర్, అంటే రెండు ఇన్‌పుట్‌ల మధ్య ఉన్న వోల్టేజీ తేడాను లక్ష రెట్ల స్థాయిలో పెంచగల చిన్న ఐసీ. వాడుకలో దీన్నే ఆప్-ఆంప్ అంటారు. అంత వృద్ధిని ఉన్నదున్నట్టుగా వాడుకోవడం సాధ్యం కాదు కనుక, అవుట్‌పుట్‌లో కొంత భాగాన్ని ఇన్‌పుట్‌కు వ్యతిరేకంగా తిప్పి పంపి దాన్ని అదుపు చేస్తారు. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ అనే ఈ పద్ధతిని బెల్ ల్యాబ్స్ ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ 1927లో కనుగొన్నారు. దీనివల్ల వృద్ధి తగ్గినా ధ్వనిలో వక్రత కూడా తగ్గుతుంది, సర్క్యూట్ మొత్తం వృద్ధి ఎంతన్నది రెండు రెసిస్టర్ల నిష్పత్తి మీదే ఆధారపడుతుంది.

అయితే నిష్పత్తి ఒక్కటే చూసుకుంటే చాలదు. విద్యుత్తును నిరోధించే ప్రతి వస్తువులోనూ ఎలక్ట్రాన్లు వేడి వల్ల అటూ ఇటూ కదులుతూ స్వల్ప వోల్టేజీని పుట్టిస్తాయని 1928లో జాన్సన్ ప్రయోగాలతోనూ, నైక్విస్ట్ సిద్ధాంతంతోనూ నిరూపించారు; నిరోధం నూరు రెట్లు పెరిగితే ఈ ఉష్ణ రొద పది రెట్లవుతుంది. ఉదాహరణకు 10 కిలో ఓమ్‌లు, 100 ఓమ్‌ల జత వాడినా, 1 మెగా ఓమ్, 10 కిలో ఓమ్‌ల జత వాడినా వృద్ధి 101 రెట్లే. కానీ 20 కిలోహెర్ట్జ్ వరకు ఉండే శ్రవ్య పరిధిలో మొదటి జత తెచ్చే రొద సుమారు 0.18 మైక్రోవోల్టులు కాగా, రెండోది తెచ్చేది 1.8 మైక్రోవోల్టులు. తక్కువ రొదకు పేరుపొందిన ఎన్ఈ5532 ఐసీ సొంత రొద అదే పరిధిలో 0.7 మైక్రోవోల్టుల దరిదాపులోనే ఉంటుంది కనుక, రెండో జతను ఎంచుకుంటే మంచి ఐసీ వాడిన ఫలితం దక్కదు. తొలి అంచెలో చేరిన రొదను తరువాతి అంచెలన్నీ సంకేతంతో పాటే పెంచుతాయి కాబట్టి, జాగ్రత్త అంతా అక్కడే అవసరం.

రెండో సమస్య నిలకడ. పౌనఃపున్యం పెరిగేకొద్దీ ఐసీ లోపల సంకేతం వెనుకబడుతుంది. ఆ వెనుకబాటు అర్ధ ఆవర్తనానికి చేరేసరికి వ్యతిరేకంగా వెళ్లవలసిన ఫీడ్‌బ్యాక్ అనుకూలంగా మారుతుంది, అప్పటికీ వృద్ధి మిగిలి ఉంటే సర్క్యూట్ తనంతట తానే డోలనం చెందుతుంది. ఈ డోలనం తరచుగా మెగాహెర్ట్జ్‌లలో ఉండి చెవికి వినిపించదు గానీ, ఐసీ వేడెక్కుతుంది, ధ్వని బొంగురుపోతుంది. 1968లో వచ్చిన 741 ఐసీలో 30 పికోఫారడ్‌ల కెపాసిటర్‌ను లోపలే అమర్చి, వృద్ధిని ముందుగానే తగ్గించి ఈ ప్రమాదాన్ని నివారించారు. దానికి ప్రతిఫలంగా వేగం తగ్గడంతో, నూరు రెట్ల వృద్ధి కోరితే 741 సుమారు 10 కిలోహెర్ట్జ్‌ల వరకే పనిచేస్తుంది. ఎన్ఈ5532 దాదాపు 100 కిలోహెర్ట్జ్‌లను అందుకుంటుంది.

లోపల ఇంత ఏర్పాటు ఉన్నా, అవుట్‌పుట్‌కు తగిలించిన పొడవాటి షీల్డ్ వైరు కెపాసిటర్‌లా ప్రవర్తించి నిలకడను చెడగొట్టగలదు. అందుకే అవుట్‌పుట్‌కు వరుసలో 47 నుంచి 100 ఓమ్‌ల రెసిస్టర్‌ను, పవర్ పిన్నులకు ఆనుకుని 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లను, 10 కిలో ఓమ్‌ల ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కు సమాంతరంగా 100 పికోఫారడ్ కెపాసిటర్‌ను పెట్టడం ఆనవాయితీ. ఇన్‌పుట్ తీగలను ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా ఉంచి, ఎర్త్ తీగలన్నిటినీ ఒకే చోట కలిపితే 50 హెర్ట్జ్‌ల హమ్ కూడా చాలావరకు తగ్గుతుంది. ఇవన్నీ కొద్ది రూపాయల ఖరీదు చేసే విడిభాగాలే. కాబట్టి యాంప్లిఫయర్ తయారుచేసేవారు ఇంకా ఖరీదైన ఐసీ కోసం వెతికే ముందు, ఉన్న ఐసీ చుట్టూ వేసిన రెసిస్టర్ల విలువలనూ తీగల అమరికనూ ఒకసారి సరిచూసుకోవడం మేలు.