కాలికి మరో పట్టీ

తెలుగింటి ఆడువారి పాదానికి అలంకారాల లోటు ఎన్నడూ లేదు. చీలమండకు అందెలు, కడియాలు, పట్టీలు. రెండవ వ్రేలికి మట్టెలు. ఇప్పుడు మరొక పట్టీ బజారుకు వచ్చినది. అది వెండిది కాదు. ప్లాస్టిక్కుతో, గుడ్డతో, సిలికానుతో చేసినది. సింగారానికి కాదు, బాధకు.

1998 నవంబరు 22న ప్రధాని అటల్ బిహారీ వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తరువాత ఆ బండనేలల మీద అద్దాల మేడలు వరుసగా లేచినవి. కొలువులతో పాటు కొలువుకు తగిన వేషమూ వచ్చినది. ముక్కు మొనదేలిన బూట్లు, ఎత్తుమడమల చెప్పులు ఆ వేషంలోనివే. ఉదయం మెట్రో రైలు మెట్లు ఎక్కిన పాదం సాయంత్రం ఇల్లు చేరేదాకా ఆ ఇరుకులోనే ఉండవలెను. బొటనవ్రేలి మొదట ఎరుపెక్కిన బొడిపె సలుపుతున్నప్పుడు, కొద్ది వారాలలో వ్రేలు తిన్నబడునని ఆశపెట్టే ప్రకటన ఎవరిని ఆకర్షించదు?

బునియన్ అనే ఈ బొడిపెను క్రొత్తగా పెరిగిన ఎముకగా చాలామంది భావిస్తారు. అసలు సంగతి వేరు. బొటనవ్రేలు రెండవ వ్రేలి వైపునకు ఒరుగుతుంది. దాని వెనుక పాదంలోని పొడుగాటి ఎముక ఎదురు దిక్కునకు జరుగుతుంది. రెండింటి నడుమ ఉన్న కీలు, మడచిన మోచేయి వలె, ప్రక్కకు పొడుచుకొని వస్తుంది. దానిమీద బూటు ఒరిసి వాపు, నొప్పి కలుగుతవి. ముదిరినచో బొటనవ్రేలు మట్టెవ్రేలిని నెట్టి దానిమీదికి ఎక్కవచ్చును.

తప్పు బూటుదేనా? 1958లో హాంకాంగ్‌లో లాం సిమ్ ఫూక్, హాడ్జ్‌సన్ అనే వైద్యులు ప్రకటించిన పరిశీలనలో బూట్లు తొడిగేవారిలో నూటికి 33 మందికి ఈ వంకర కనబడినది. తొడగనివారిలో నూటికి ఇద్దరికైనా లేదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో పాత సమాధుల ఎముకలను పరిశీలించినవారు 2021లో ఇటువంటి మాటే చెప్పినారు: మొనదేలిన బూట్ల మోజు పెరిగిన 14వ శతాబ్దం నుండి ఈ వంకర బాగా హెచ్చినది. అయినను వంశపారంపర్యం కూడ బలమైనదే. తల్లి పాదం తీరు బిడ్డకు రావచ్చును. ఇరుకు బూటు ఆ తీరును వికారం చేస్తుంది.

ఇక పట్టీ మాట. రాత్రివేళ కట్టుకొనేది బిరుసైనది. బొటనవ్రేలిని ఇవతలికి లాగి పట్టియుంచును. పగటివేళ వ్రేళ్ళ నడుమ ఉంచే మెత్తని సిలికాను బిళ్ళ రాపిడిని తగ్గించును. ఇవి కొందరికి ఉపశమనం ఇస్తవనుటలో సందేహం లేదు. కాని మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఇక్కడ తలక్రిందులై వర్తిస్తుంది: ఒరిగి ముదిరిన ఎముక పట్టీ కట్టినంత మాత్రాన తిన్నబడదు. విప్పగానే వ్రేలు మెల్లగా తన చోటికి మరలును. మధుమేహంతో పాదం మొద్దుబారినవారు వైద్యుని అడుగకుండా పట్టీ బిగించరాదు. పుండు పడినా వారికి తెలియదు. ఏ నొప్పికీ లొంగక నడక కుంటువడినప్పుడే శస్త్రచికిత్స ఆలోచించవలెను.

అన్నిటికంటె ముందు చేయవలసిన చికిత్స చవకైనది. కాగితంపై నిలుచుండి పాదం చుట్టూ పెన్సిలుతో గీయవలెను. ఆ గీతపై బూటును ఉంచి చూడవలెను. గీత బయటకు కనబడినచో ఆ బూటు ఆ పాదానిది కాదు. తరగతి గదిలో పిల్లలచేత ఈ పరీక్ష చేయించుట ఏ ఉపాధ్యాయునికైనా సులభమే. పగలంతా నిలుచుండి పాఠం చెప్పే ఉపాధ్యాయునికీ అది అవసరమే. సాయంత్రానికి పాదం కొంత ఉబ్బును గనుక బూట్లు అప్పుడే కొనుట మేలు.

పగలు ఇరుకు బూటులో నొక్కి, రాత్రి పట్టీతో లాగితే పాదానికి రెండు శిక్షలే. బూటు మారినప్పుడే పట్టీ ఉపకారి అగును.