నిదానమే ప్రధానం: గొలుసు రంపం – లోపాలు, సవరణలు

'నిదానమే ప్రధానం' అనేది తెలుగువారి నోట నిత్యం నలిగే సామెత. వాడుకలో నిదానమంటే తొందరపాటు లేకపోవడం. సంస్కృత వైద్య పరిభాషలో ఈ పదానికి మరొక అర్థం ఉంది. అక్కడ నిదానమంటే రోగానికి మూలమైన కారణం, ఆ కారణాన్ని నిర్ణయించే విధానం. మాధవకరుని మాధవనిదానం చికిత్సల జోలికి పోకుండా కేవలం రోగనిర్ణయానికే అంకితమైన గ్రంథం. మందు ఎంత గొప్పదైనా రోగం తెలియనిదే ప్రయోజనం లేదని ప్రాచీనులు గ్రహించారు. ఈ రెండు అర్థాలూ శరీరానికే కాదు, యంత్రానికీ వర్తిస్తాయి. తొందరపడినవాడికి లోపం కనిపించదు. లోపం తెలియనివాడు చేసే మరమ్మతు కొత్త లోపాలకు దారితీస్తుంది. ఈ సత్యాన్ని చక్కగా బోధించే యంత్రం గొలుసు రంపం. దీనినే వాడుకలో చైన్‌ సా అనీ, పవర్‌ సా అనీ అంటారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. నగరంలో వేలాది చెట్లు నేలకూలి రహదారులు మూసుకుపోయాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరి, జీడిమామిడి తోటలను పడగొట్టింది. అటువంటి వేళ అంబులెన్సుకు గాని, మంచినీటి బండికి గాని దారి దొరకాలంటే ముందుగా నడవవలసింది గొలుసు రంపం. సరుగుడు, జామాయిల్‌ తోటల నరికివేతలో అది ఎందరికో కూడు పెడుతున్నది. అవసరం వచ్చిన గడియలో యంత్రం మొరాయిస్తే నష్టం కొన్ని గంటల పనితో పోదు. ఒక్కొక్కప్పుడు అది ప్రాణాల మీదికి వస్తుంది.

యంత్ర స్వరూపం

జర్మనీకి చెందిన ఆండ్రియాస్‌ స్టిల్‌ 1926లో విద్యుత్తుతోను, 1929లో పెట్రోలుతోను నడిచే గొలుసు రంపాలను రూపొందించాడు. అమెరికాకు చెందిన జోసెఫ్‌ కాక్స్‌ అనే కలపకోత పనివాడు మొద్దును తొలిచే ఒక పురుగు దవడల తీరును గమనించాడు. ఆ పురుగు కొయ్యను కుడి ఎడమలకు మార్చి మార్చి కొరుకుతూ ముందుకు సాగుతుంది. ఆ ఆధారంతో అతడు కుడివైపు ఒక పన్ను, ఎడమవైపు ఒక పన్ను ఉండే గొలుసును తయారుచేసి 1947లో విక్రయానికి తెచ్చాడు. నేటి గొలుసులు చాలావరకు ఆ సూత్రం మీదనే పనిచేస్తున్నాయి.

ఈ యంత్రంలో ప్రధాన భాగాలు మూడు. మొదటిది టూ స్ట్రోక్‌ ఇంజను. రెండవది ఇంజను వేగం పెరిగినప్పుడు మాత్రమే గొలుసును తిప్పే క్లచ్‌. మూడవది బారు అనే పొడవాటి ఇనుప పలక, దాని చుట్టూ తిరిగే గొలుసు. పూర్తి వేగంలో గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో పరుగెడుతుంది. కనుక ఏ పరీక్షకైనా ముందు స్విచ్చి ఆపాలి, ఇంజనును చల్లారనివ్వాలి, స్పార్క్‌ ప్లగ్గు తొడుగును ఊడదీయాలి. గొలుసును తాకేటప్పుడు చేతికి మందపాటి తొడుగులు ఉండాలి. నడిపి చూడవలసిన పరీక్షలకు మాత్రమే ప్లగ్గు తొడుగును తిరిగి బిగించాలి.

అసలు నడవకపోతే

తాడు ఎన్నిసార్లు లాగినా ఇంజను అందుకోకపోవడం అన్నిటికంటె తరచుగా వినిపించే ఫిర్యాదు. ఇంజను నడవాలంటే గాలితో కలిసిన ఇంధనం, దానిని మండించే నిప్పురవ్వ, సిలిండరులో తగినంత ఒత్తిడి కావాలి. వీటిలో ఏది లోపించిందో తేల్చడమే నిదానం. స్విచ్చి ఆపి ఉందేమో, ట్యాంకు ఖాళీగా ఉందేమో ముందు చూడాలి. ఆ రెండూ చూడకుండా కార్బ్యురేటరు విప్పడం కొండను తవ్వి ఎలుకను పట్టినట్లే అవుతుంది.

పిమ్మట స్పార్క్‌ ప్లగ్గు తీసి చూడాలి. వైద్యుడు రోగి నాలుకను చూసినట్లు మెకానిక్‌ ప్లగ్గు కొనను చూస్తాడు. ఎన్నోసార్లు తాడు లాగిన తరువాత కూడా ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు అక్కడిదాకా చేరడం లేదని అర్థం. అప్పుడు ట్యాంకు లోపలి ఫిల్టరు మూసుకుపోయిందో, రబ్బరు గొట్టం పగిలిందో పరిశీలించాలి. ప్లగ్గు పెట్రోలుతో తడిసి ఉంటే ఇంధనం ఎక్కువగా చేరిందని గాని, నిప్పురవ్వ రావడం లేదని గాని అర్థం. చోక్‌ మూసి ఉంచి పదే పదే తాడు లాగితే ఈ స్థితి కలుగుతుంది. ప్లగ్గును తుడిచి ఆరబెట్టి, స్విచ్చి ఆపి, ప్లగ్గు లేకుండానే కొన్నిసార్లు తాడు లాగితే లోపల చేరిన పెట్రోలు బయటికి పోతుంది. ఆ తరువాత ప్లగ్గు బిగించి చోక్‌ తెరిచి లాగితే సాధారణంగా ఇంజను అందుకుంటుంది. అప్పటికీ అందుకోకపోతే మంచిదని తెలిసిన మరొక ప్లగ్గు పెట్టి చూడాలి.

నడిచిన ఇంజనులో ప్లగ్గు కొన రంగు కూడా సాక్ష్యం చెబుతుంది. లేత గోధుమ రంగు ఆరోగ్యానికి గుర్తు. మసిబారి నల్లగా ఉంటే గాలి తక్కువైందనో, నూనె పాలు ఎక్కువైందనో భావించాలి. తెల్లగా పాలిపోతే ఇంధనం చాలక ఇంజను అతిగా వేడెక్కుతున్నదని గ్రహించాలి. ఈ చివరి సూచన మిక్కిలి ప్రమాదకరం. టూ స్ట్రోక్‌ ఇంజనుకు కందెన నూనె వేరుగా అందదు. పెట్రోలులో కలిపిన నూనెయే పిస్టనుకు కందెన. చాలా యంత్రాలకు ఈ పాలు 50:1, అనగా లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్‌ ఆయిలు. ఇంధనం తగ్గితే నూనె కూడా తగ్గుతుంది. నూనె లేని పెట్రోలు పోస్తే పిస్టను గీతలు పడి కొద్ది నిమిషాలలోనే పట్టివేయవచ్చు. తాడు లాగినప్పుడు చేతికి ఎదురు ఒత్తిడి తగలకుండా తేలికగా వస్తే ఈ అనర్థం జరిగిందేమోనని అనుమానించాలి. అది అనుభవజ్ఞుడైన మెకానిక్‌కు అప్పగించవలసిన పని.

పాత ఇంధనం మరొక సాధారణ కారణం. మన దేశంలో పెట్రోలులో 20 శాతం ఇథనాల్‌ కలపాలన్న లక్ష్యం 2025లో నెరవేరింది. ఇథనాల్‌ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోలు జిగురుగా మారి కార్బ్యురేటరులోని సన్నని దారులను మూసివేస్తుంది. కనుక యంత్రాన్ని చాలాకాలం పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన ఇంధనం అయిపోయేవరకు ఇంజనును నడిపి ఆపాలి.

నడుస్తూ ఆగిపోతే

కొన్ని రంపాలు నెమ్మదిగా తిరిగినంతసేపు బాగుండి, వేగం పెంచగానే ఉక్కిరిబిక్కిరి అవుతాయి. అందుకు ముందుగా అనుమానించవలసింది ఎయిర్‌ ఫిల్టరును. రంపపు పొట్టు మధ్య పనిచేసే యంత్రం కనుక ఫిల్టరు త్వరగా పూడుకుపోతుంది. తరువాత ట్యాంకులోని ఫిల్టరును, సైలెన్సరులోని సన్నని జాలీని చూడాలి. జాలీకి మసి పేరుకుంటే పొగ బయటికి పోలేక ఇంజను బలం కోల్పోతుంది.

మరికొన్ని రంపాలు పది పదిహేను నిమిషాలు చక్కగా కోసి, ఉన్నట్టుండి ఆగిపోతాయి. కాసేపు విశ్రాంతి ఇస్తే మళ్లీ నడుస్తాయి. ఇక్కడ ఆయుర్వేదంలోని ఉపశయమనే పద్ధతి గుర్తుకు వస్తుంది. ఒక ఆహారమో ఔషధమో ఇచ్చి, దానివల్ల రోగికి ఉపశమనం కలిగిందా లేదా అన్నదాన్నిబట్టి రోగాన్ని నిర్ణయించడమే ఉపశయం. ఆగిన యంత్రాన్ని చల్లారనిచ్చి, ట్యాంకు మూతను మెల్లగా వదులు చేసి మళ్లీ బిగించి నడపాలి. మూత వదులు చేసేటప్పుడు గాలి లోపలికి దూసుకుపోయిన చప్పుడు వినిపించి, యంత్రం వెంటనే అందుకుని, మళ్లీ అంతే సమయానికి ఆగిపోతే లోపం ట్యాంకుకు గాలినిచ్చే సన్నని రంధ్రంలో ఉందని నిర్ధారణ అవుతుంది. పెట్రోలు తగ్గిన కొద్దీ ఆ చోటును గాలి నింపాలి. రంధ్రం మూసుకుంటే ట్యాంకు ఖాళీ సీసాలా గుక్కపట్టి ఇంధనాన్ని వదలదు. ఆ చిన్న భాగాన్ని శుభ్రపరచినా మార్చినా సరిపోతుంది. గోటితో పోయే ఈ లోపానికి ఇంజను మొత్తం విప్పితే గొడ్డలి దాకా తెచ్చుకున్నట్లే.

సరిగా కోయకపోతే

రంపం పనితీరును అది రాల్చే పొట్టు చెబుతుంది. పదునైన గొలుసు చిన్న చిన్న చెక్కపేళ్లను విసురుతుంది. మొద్దుబారిన గొలుసు పిండివంటి పొడిని రాలుస్తుంది. కోత ఒక పక్కకు వంకర పోతుంటే ఒకవైపు పళ్లు రెండవవైపు పళ్లకంటె మొండిగానో పొట్టిగానో ఉన్నాయన్నమాట. బారు అంచులు ఒకవైపు ఎక్కువగా అరిగినా ఇదే జరుగుతుంది.

పళ్లకు పదును పెట్టడానికి గుండ్రని ఆకురాయి వాడాలి. గొలుసు రకాన్నిబట్టి దాని మందం 4 మిల్లీమీటర్లో, 4.8 మిల్లీమీటర్లో, అంతకు కొంచెం ఎక్కువో ఉంటుంది. ఆకురాయిని సాధారణంగా 30 డిగ్రీల కోణంలో, పంటి లోపలినుంచి బయటికి మాత్రమే తోయాలి. ప్రతి పంటికీ ఒకే సంఖ్యలో రాపిడి ఇస్తే అన్నీ సమానంగా ఉంటాయి. ప్రతి పంటి ముందూ ఒక చిన్న మెట్టు ఉంటుంది. పన్ను కొయ్యలోకి ఎంత లోతు దిగాలో అదే నిర్ణయిస్తుంది. చాలా గొలుసులలో అది పంటికంటె సుమారు 0.65 మిల్లీమీటర్లు తక్కువ ఎత్తులో ఉంటుంది. ఎక్కువ కోస్తుందన్న ఆశతో ఆ మెట్టును అతిగా అరగదీస్తే పన్ను కొయ్యను గట్టిగా పట్టుకుని రంపాన్ని మనిషి మీదికి ఎగదన్నుతుంది. బారు కొనలోని పైభాగం కొయ్యకు తగిలినప్పుడు కలిగే ఈ ఎదురుదెబ్బ రెప్పపాటులో జరుగుతుంది. అందుకే ముందు పిడికి ఎదురుగా ఉండే గొలుసు బ్రేకును పని మొదలుపెట్టే ప్రతిసారీ పరీక్షించాలి.

గొలుసు మరీ వదులైతే బారు నుంచి జారుతుంది. మరీ బిగువైతే బారును అరగదీస్తుంది. బారు అడుగు అంచును తాకుతూ, చేతితో లాగితే తేలికగా కదిలేటంత బిగువు తగినది. పనిలో వేడెక్కిన గొలుసు సాగుతుంది. దానిని అప్పుడు బిగించి అలాగే వదిలితే చల్లారి ముడుచుకుని బారును బిగదీస్తుంది. కనుక పని ముగిశాక తిరిగి వదులు చేయాలి.

గొలుసుకు నూనె అందుతున్నదో లేదో తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. బారు కొనను తెల్లని కాగితానికి తగలకుండా దూరంగా పట్టి ఇంజను వేగం పెంచితే కాగితం మీద నూనె చార పడాలి. పడకపోతే బారు మీది నూనె రంధ్రంలో, గాడిలో చేరిన పొట్టును తొలగించాలి.

ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా గొలుసు కదులుతుంటే యంత్రాన్ని వెంటనే ఆపివేయాలి. ఇంజను నెమ్మది వేగాన్ని అవసరానికి మించి పెంచి ఉంచడం గాని, క్లచ్‌ స్ప్రింగు తెగడం గాని అందుకు కారణం. ఆ లోపం సరిచేసేవరకు దానితో ఒక్క కొమ్మ కూడా కోయరాదు.

లక్షణం వేరు, కారణం వేరు

నిదానంలోని కష్టమంతా ఇక్కడే ఉంది. పదును తగ్గిన రంపాన్ని ఒక పనివాడు బలంగా అదిమి కోస్తున్నాడనుకుందాం. ఇంజను మీద భారం పడి వేగం తగ్గుతుంది. క్లచ్‌ జారి వేడెక్కుతుంది. కోతలోనుంచి పొగ వస్తుంది. ఇంజనుకు బలం చాలడం లేదని భావించి అతడు కార్బ్యురేటరు మరలు తిప్పుతాడు. ఇంధనం తగ్గేవైపు మర తిరిగితే ఇంజను కాసేపు హుషారుగా మోగుతుంది. అతడు రోగం కుదిరిందని సంతోషిస్తాడు. కందెన చాలని పిస్టను మాత్రం లోలోపల కాలిపోతూ ఉంటుంది. ఆకురాయితో కొద్దిసేపటిలో తీరే లోపం ఇంజనునే బలిగొంటుంది. అలసిన చేతులతో అదిమి కోసేవాడికి ప్రమాదం కూడా అంతే చేరువలో ఉంటుంది.

కనుక మరమ్మతుకు మూడు నియమాలు శిరోధార్యాలు. సులువైనదానితో మొదలుపెట్టి కష్టమైనదాని వైపు సాగాలి. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేసి ఫలితం చూడాలి. లక్షణాన్ని అణచిపెట్టి కారణాన్ని విడిచిపెట్టరాదు. వీటికి తోడు ప్రతి దినం ఎయిర్‌ ఫిల్టరు దులపడం, పళ్లకు పదును చూడడం, పెట్రోలు పోసిన ప్రతిసారీ గొలుసు నూనె నింపడం అలవాటైతే పైన చెప్పిన లోపాలలో చాలావాటికి తావే ఉండదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు.

యంత్రం అబద్ధమాడదు. పొట్టు రూపంలో, పొగ రూపంలో, ప్లగ్గు రంగులో తన బాధను తానే చెప్పుకుంటుంది. దానిని వినే ఓర్పు ఉన్నవాడికి ఖరీదైన పనిముట్లు లేకున్నా సగం మరమ్మతు పూర్తయినట్లే. గాలివాన వెలిసిన ఉదయం దారికి అడ్డంగా పడిన చెట్టు ముందు నిలబడి ఒక్క లాగుకు రంపాన్ని నడిపించగలిగినవాడు ఆ పనిని అప్పటికప్పుడు సాధించినవాడు కాడు. గాలివానకు ముందటి ఎన్నో ప్రశాంతమైన దినాలలో, ఎవరూ చూడని వేళ, నిదానంగా సాధించినవాడు.