బడిలో ఏడిపింపు: చుట్టూ నిలబడే పిల్లల పాత్ర

వైకల్యం ఉన్న పిల్లలను బడిలో ఏడిపించడం చాలాసార్లు పిలుపుతోనే మొదలవుతుంది. హాజరుపట్టీలోని పేరు మరుగునపడి కుంటోడు, చెవిటోడు, నత్తోడు అన్న పిలుపే మిగులుతుంది. అనంతపురం పల్లెల్లో దీనికి ఇంకో కారణమూ తోడైంది. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. జిల్లాలో చాలా ఊళ్ల బోరునీటిలో అది అంతకన్నా ఎక్కువ. గారపళ్లు, ఫ్లోరైడ్ ముదిరిన చోట వంగిన ఎముకలు ఆ నీటి వల్ల వచ్చినవే. మాట పడేది మాత్రం పిల్లలు.

ఏడిపింపు పిలుపుతో ఆగదు. మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే పళ్లెం పట్టుకుని లేవబోయే పిల్లాడికి చంకకర్ర కనిపించదు. ఎవరో కిటికీ బయట పెట్టేసి ఉంటారు. వినికిడి యంత్రం పెట్టుకున్న అమ్మాయి వెనకగా వచ్చి చెవి దగ్గర అరుస్తారు. యంత్రం ఆ అరుపును ఇంకా పెంచి వినిపిస్తుంది. మాట సరిగా రాని పిల్లలు, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు జరిగింది చెప్పుకోలేరు. వానలు ముఖం చాటేసి వేరుశనగ ఎండిపోయిన ఏడు అమ్మానాన్నలు కూలికి బెంగళూరు పోతే, అవ్వాతాతల దగ్గర మిగిలిన పిల్లలకు చెప్పుకునే దిక్కే తక్కువ. వైకల్యం ఉన్న పిల్లలు హింసకు గురయ్యే అవకాశం ఇతర పిల్లలకన్నా 3.7 రెట్లు ఎక్కువని 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది.

ఏడిపించేది ఒకరిద్దరే. కానీ ఆ పని చూసేవాళ్లు లేకుండా జరగదు. కెనడాలోని టొరొంటో బడి ఆవరణల్లో వీడియో తీసి చేసిన పరిశీలన 2001లో వెలువడింది. పదింట తొమ్మిది సంఘటనల్లో తోటి పిల్లలు అక్కడే ఉన్నారు. అడ్డుపడింది ఐదింట ఒకసారే. అయితే అడ్డుపడినప్పుడు సగానికి పైగా సందర్భాల్లో 10 సెకన్లలోపే ఏడిపింపు ఆగిపోయింది. ఈ విషయంలో ఇంతకన్నా ఆశ కలిగించే లెక్క లేదు.

ఫిన్‌లాండ్ పరిశోధకురాలు క్రిస్టీనా సాల్మివల్లి గమనించింది కూడా చూసేవాళ్ల పాత్రనే. కొందరు చేయి కలుపుతారు, కొందరు నవ్వి ఊతమిస్తారు, చాలామంది పక్కకు తప్పుకుంటారు, కొందరు బాధితులను వెనకేసుకొస్తారు. తప్పుకునేవాళ్లంతా రాతిగుండె పిల్లలు కారు. రేపు ఆ పిలుపు తమకెక్కడ అంటుకుంటుందోనని భయం. పైగా అయ్యవారే ‘ఆ కుంటోణ్ణి పిలువు’ అంటే, అది తప్పని పిల్లలకు తోచేదెట్లా? ఇక్కడ పెద్దల తప్పే ఎక్కువ.

ధైర్యమంటే కొట్లాటకు దిగడం కాదు. నవ్వకపోవడం, కర్ర తెచ్చివ్వడం, ‘రా, పోదాం’ అని వెంట తీసుకుపోవడం, అయ్యవారికి చెప్పడం ఏ పిల్లలైనా చేయగలరు. ఫిన్‌లాండ్‌లో పుట్టిన కివా కార్యక్రమం తరగతి మొత్తానికీ దీన్నే నేర్పుతుంది. అనంతపురంలో 1969 నుంచి పనిచేస్తున్న రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ ఊళ్లలో వికలాంగుల సంఘాలు పెట్టించింది, ప్రత్యేక పాఠశాలలు నడుపుతోంది. ప్రభుత్వ భవిత కేంద్రాలూ ఉన్నాయి. ఇవన్నీ వైకల్యం ఉన్నవారి కోసం. పక్క బెంచీలో కూర్చునేవారికి నేర్పే పని బడిదే.

విద్యాహక్కు చట్టం, 2009 బడిలో పిల్లలను మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. వికలాంగుల హక్కుల చట్టం, 2016లోని 92వ సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉన్నవారిని నలుగురిలో కావాలని అవమానించిన పెద్దలకు ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు జైలు, జరిమానా పడతాయి. బడిలో చెప్పినా పట్టించుకోకపోతే పిల్లలుగానీ, చూసినవారెవరైనాగానీ 1098కి ఉచితంగా ఫోన్ చేయవచ్చు.