నీళ్ళలో తిరిగే రెక్కలు

ఒకప్పుడు మన గోదావరి మీద పడవ సాగాలంటే తెడ్డు, గడ, తెరచాప కావాలి. ఇప్పుడు ఆ పని మోటారు చేస్తోంది. పదివేల సరస్సుల రాష్ట్రమని పేరున్న మిన్నెసోటాలో వేసవి వచ్చిందంటే మన తెలుగు కుటుంబాలు కూడా మోటారు బోట్లలో షికారుకు వెళ్తుంటాయి. బోటు పైభాగాన్ని అందరూ తుడిచి మెరిపిస్తారు. నీటి అడుగున తిరిగే ప్రొపెల్లర్‌ను మాత్రం చాలామంది పట్టించుకోరు. బోటును నడిపేది అదే!

ఎలా పని చేస్తుంది?

పిల్లలూ, చెక్కలోకి స్క్రూ దిగడం చూశారు కదా? ఒక్కో చుట్టుకు కొంచెం కొంచెం ముందుకు పోతుంది. ప్రొపెల్లర్ కూడా అంతే. వంపు తిరిగిన దాని రెక్కలు నీటిని వెనక్కి నెడతాయి, బోటు ముందుకు పోతుంది. ప్రొపెల్లర్ మీద 13 × 19 అని ఉంటే, రెక్కలు తిరిగే వలయం అడ్డుకొలత 13 అంగుళాలని, ఒక చుట్టుకు 19 అంగుళాలు ముందుకు పోవాలని అర్థం. ఈ రెండో కొలతను పిచ్ అంటారు. నీళ్ళు చెక్కలా గట్టిగా ఉండవు కాబట్టి నిజానికి కొంత తక్కువే పోతుంది.

ముందు జాగ్రత్త

మోటారు నిమిషానికి 4,500 చుట్లు, ప్రొపెల్లర్ అందులో సగం తిరుగుతున్నాయనుకోండి. మూడు రెక్కలుంటే సెకనుకు వందసార్లకు పైగా ఒక రెక్క అదే చోటు దాటిపోతుంది. అందుకే మోటారు ఆపనిదే నీళ్ళలో ఉన్నవారి దగ్గరికి బోటును పోనివ్వకూడదు. నడిపేవారు పడిపోతే మోటారును ఆపే తాడు ఒకటి ఉంటుంది. ఆ ఏర్పాటు ఉన్న 26 అడుగుల లోపు బోట్లు వేగంగా వెళ్ళేటప్పుడు దాన్ని తగిలించుకోవాలని అమెరికాలో 2021 ఏప్రిల్ 1 నుంచి చట్టం ఉంది.

ప్రొపెల్లర్‌ను పరీక్షించేటప్పుడు బోటు గట్టున ఉండాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, తాళం చెవి, ఆ తాడు రెండూ తీసేయాలి. బ్యాటరీ తీగ కూడా విప్పాలి. ఆ తర్వాతే చేయి పెట్టాలి.

ఏమేం చూడాలి?

మొదట రెక్కల అంచులు. రాళ్ళు తగిలి పడిన చిన్న నొక్కులను అల్యూమినియం రెక్కలకైతే ఆకురాయితో నున్నగా చేయవచ్చు. పెద్ద ముక్క విరిగితే రిపేరు షాపుకు ఇవ్వాలి. తర్వాత ఒక రెక్క కొసకు దగ్గరగా పెన్సిల్‌ను కదలకుండా పట్టుకుని, ప్రొపెల్లర్‌ను చేత్తో మెల్లగా తిప్పండి. అన్ని రెక్కలూ అంతే దూరంలో రావాలి. ఒకటి తేడాగా వస్తే అది వంగినట్లే. వంగిన రెక్కతో నడిపితే బోటు అదురుతుంది, లోపలి బేరింగులు అరుగుతాయి.

అసలు శత్రువు గాలపు దారం. చేపలు పట్టేవారు వదిలేసిన నైలాన్ దారం ప్రొపెల్లర్ వెనక ఇరుసుకు చుట్టుకుని ఆయిల్ సీల్‌ను కోసేస్తుంది. అక్కడి నుంచి నీళ్ళు గేర్‌బాక్స్‌లోకి చేరతాయి. బయటికి ఏమీ కనబడదు, లోపల గేర్లు తుప్పు పట్టిపోతాయి. కొన్ని పైసల దారం వందల డాలర్ల ఖర్చు తెచ్చిపెడుతుంది!

అందుకే ఏడాదికి ఒక్కసారైనా ప్రొపెల్లర్‌ను ఊడదీసి చూడాలి. గాలాలు వేసే చోట తిరిగే బోటుకైతే ఇంకా తరచుగా చూడాలి. రెక్క కదలకుండా చెక్కముక్క అడ్డం పెట్టి, కాటర్ పిన్ను లాగి, నట్టు విప్పాలి. వాషర్లు ఏ వరుసలో వచ్చాయో పిల్లలు కాగితం మీద బొమ్మ గీసిపెడితే మళ్ళీ బిగించేటప్పుడు పనికొస్తుంది. దారం తీసేసి, ఇరుసు తుడిచి, నీటికి కడుక్కుపోని మెరైన్ గ్రీజు రాయాలి. నట్టును మోటారుతో వచ్చిన పుస్తకంలో చెప్పినంత బిగించి, కొత్త కాటర్ పిన్ను వేయాలి.

గేరు నూనెను కూడా చూడండి. బోటు కొన్ని గంటలు కదలకుండా ఉన్నాక అడుగు స్క్రూను కాస్త వదులు చేస్తే, లోపల నీళ్ళుంటే ముందు అవే వస్తాయి. నూనె పాలు కలిపిన కాఫీ రంగులో ఉన్నా నీళ్ళు చేరినట్లే. సీల్ మార్పించాకే మళ్ళీ బయలుదేరాలి.

ఒక్కోసారి మోటారు రొద పెరుగుతుంది, బోటు మాత్రం కదలదు. ప్రొపెల్లర్ నడుమ ఉండే రబ్బరు హబ్ జారిపోతే ఇలా జరుగుతుంది. రాయి తగిలినప్పుడు ఆ దెబ్బ గేర్ల దాకా పోకుండా కాపాడేది ఈ రబ్బరే. అది జారితే మెల్లగా ఒడ్డు చేరి మార్పించుకోవాలి.

సరస్సు నుంచి వచ్చేముందు రెక్కలకు చుట్టుకున్న నాచు తీసేసి, నీళ్ళన్నీ వంపేయండి. మిన్నెసోటాలో ఇది చట్టం కూడా. జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్పలు ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకు ఇలాగే పాకుతాయి.

పిల్లలూ, చెప్పుకోండి చూద్దాం!

1. పిచ్ 15 అంగుళాలున్న ప్రొపెల్లర్ నాలుగు చుట్లు తిరిగింది. జారుడే లేకపోతే బోటు ఎన్ని అడుగులు వెళ్ళింది?
2. గేరు నూనె పాల కాఫీలా ఎందుకు మారుతుంది?

జవాబులు: 1. అయిదు అడుగులు. 2. సీల్ తెగి నీళ్ళు కలవడం వల్ల.