మబ్బులో మనకు తోచే దారి



2002 మార్చి 3, ఆదివారం. మన సంఘాలు ఆరాధనకు సిద్ధపడుతున్న ఉదయవేళ, భీమవరం నుండి బయలుదేరిన ఒక హెలికాప్టర్ కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో చేపల చెరువులో కూలింది. లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి గారు, ఆయన భద్రతా అధికారి, పైలట్ మరణించారు. ఆ ఉదయం చూపు సరిగా ఆనలేదు. మంచు కమ్మితే నీరేదో నేలేదో తెలియదని కొల్లేటివారికి వేరే చెప్పాలా?

నేలను కంటితో చూస్తూ నడిపే పైలట్ మబ్బులో చిక్కితే ఏమవుతుంది? మన లోపలి చెవిలోని ద్రవం ఒంటికి తూకం తెలుపుతుంది. కంటి తోడు లేనప్పుడు అదే మోసగిస్తుంది. విమానం ఒరిగి తిరుగుతున్నా తిన్నగా పోతున్నట్టే తోస్తుంది. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో, ఆ శిక్షణ లేని 20 మందికి బయట కనబడకుండా చేసి పరీక్షించారు. అందరూ అదుపు తప్పారు. సగటున 178 సెకన్లు, మూడు నిమిషాలైనా కాదు!

అందుకే పైలట్లకు నేర్పేది ఇది: మబ్బు కనబడగానే వెనుదిరుగు; చిక్కితే నీకు తోచినదాన్ని కాదు, ఎదుటి పరికరాలను నమ్ము.

మనకు తోచిందే దారి అనుకోవద్దని సామెతల గ్రంథం మూడవ అధ్యాయం కూడా హెచ్చరిస్తుంది. అప్పులోగాని, పంతంలోగాని "ఇంకొంచెం దూరమే" అంటూ ఎందరం ముందుకు పోలేదు? తల్లిదండ్రులారా, మంచువేళ కొల్లేటి గట్టు మీద బండెక్కే కుమారునితో ఈ రోజే చెప్పండి: "ఆలస్యమైనా సరే, ఆగు నాయనా. వెనుదిరిగి వస్తే నిన్నెవరూ చిన్నచూపు చూడరు."